సీసం పట్టీ మీది అక్షరం

మార్కాపురం పలకల కార్ఖానాలో నేను గుమాస్తాను. దూరపు ఊళ్లకు పోయే పలకల పెట్టెల మీద ఇంగ్లీషులో చీటీలు రాసి అంటించడం నా పని. అందుకని మా వీధిలో ఎవరికి ఇంగ్లీషు కాగితం వచ్చినా నా దగ్గరికే తెచ్చేవారు. నాకు అదొక గర్వం.

మా ఎదురింటాయన అద్దెకారు నడిపేవాడు. ఆయన సాయిబు, మేము సేద్యగాళ్లం. అయినా ఆయన మా నాయనను అన్నా అనేవాడు, నేను ఆయనను చిన్నాయనా అనేవాణ్ణి. యుద్ధం రోజుల్లో ఆయన కారు బ్యాటరీ చచ్చిపోయింది. కొత్తవి ఎక్కడా దొరకడం లేదు. గుంటూరులో ఒక దుకాణంలో ఒకటి ఉందని తెలిసి, చదివి పెట్టడానికి నన్ను వెంట తీసుకుపోయాడు.

పాత బ్యాటరీ మీది రాతంతా కాగితం మీద ఎక్కించుకుని పోయాను. ఆరు వోల్టులు. పదమూడు ప్లేట్లు. ప్లస్ గుర్తు ఏ వైపుందో అది. దుకాణంలోని దానితో ఒక్కొక్కటీ సరిచూసి, అన్నీ కలిశాయని చెప్పాను. చిన్నాయన తువ్వాలు కొంగుతో దాని దుమ్ము తుడిచాడు. పైనున్న సీసం పట్టీ మీద ఒక అక్షరం, దాని పక్కన ఒక అంకె గుద్ది ఉన్నాయి.

"ఇదేంది నాయనా?" అన్నాడు.

నాకు తెలియదు. దుకాణందారు ఎదురుగా నిలబడి నా వైపే చూస్తున్నాడు. అతని ముందర తెలియదనడానికి నాకు నోరు రాలేదు.

"కంపెనీ నంబరు చిన్నాయనా. మనకు దాంతో పని లేదు" అన్నాను.

దుకాణందారు వంగి బ్యాటరీకి తాడు కట్టడం మొదలుపెట్టాడు.

ఎండాకాలమంతా కారు బాగానే నడిచింది. వానలు పడ్డాక పొద్దున పూట మొరాయించేది. చిన్నాయన దాన్ని మిట్ట మీద నిలిపి, దొర్లించి నడిపించుకునేవాడు. అప్పుడే ఆయన కూతురు తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చింది. ఆ పిల్ల నన్ను అన్నా అని పిలిచేది.

మూడు రోజులు ముసురు పట్టింది. కారు కదలకుండా వాకిట్లోనే ఉంది. నాలుగో రోజు పొద్దున ఆమెకు నొప్పులు మొదలయ్యాయి. బిడ్డ అడ్డం తిరిగిందని, వెంటనే కంభం ఆసుపత్రికి తీసుకుపొమ్మని మంత్రసాని చెప్పింది. ఆమెను వెనక సీట్లో పడుకోబెట్టారు. చిన్నాయన కారు ముందర ఇనప హ్యాండిల్ దూర్చి తిప్పాడు, నేను తిప్పాను. అరచేతులు బొబ్బలెక్కాయి. బ్యాటరీలో ఏమీ మిగలకపోతే ఎంత తిప్పినా ఇంజనులో నిప్పు పుట్టదు. పదిమందిమి బురదలో తోశాం. ఒక్కసారి కూడా పలకలేదు. ఊళ్లో ఉన్న ఇంకో కారు అంతకు ముందురోజే కర్నూలుకు పోయింది.

చివరికి ఎడ్లబండి కట్టి రైలు స్టేషనుకు బయలుదేరాం. నేను బండి వెనకే నడిచాను. దారిలో ఆమె కళ్లు తెరిచి నన్ను చూసింది.

"కారు ఎందుకు కదల్లేదన్నా?" అంది.

బ్యాటరీ పోయిందమ్మా అన్నాను. రైలు రాకముందే స్టేషనులోనే ఆమె ప్రాణం పోయింది. బిడ్డా దక్కలేదు.

తర్వాత కార్ఖానా పని మీద గుంటూరు పోతూ ఆ బ్యాటరీని వెంట తీసుకుపోయి, బాగుచేసేవాడికి చూపించాను. అతను ముందు సీసం పట్టీనే చూశాడు. అక్షరం నెల, అంకె సంవత్సరం, యాసిడ్ పోసి చార్జి చేసిన నాడు గుద్దేది అని చెప్పాడు. మేము కొన్ననాటికే అది రెండేళ్లు ఊరికే పడి ఉందన్నమాట. అందుకే లోపల ప్లేట్ల మీద తెల్లటి పొర పేరుకుపోయి, సత్తువ పోయింది.

చాలా రోజులు చిన్నాయనకు చెప్పలేకపోయాను. ఒకనాడు ఆయన కారు కడుగుతుంటే దగ్గరికి పోయి అంతా చెప్పేశాను. బకెట్టు కింద పెట్టి, తలెత్తకుండా విన్నాడు.

"తెలీదని ఒక్క మాట అనింటే ఇంకొకర్ని అడిగేటోణ్ణి గదా నాయనా" అన్నాడు. మళ్లీ కారు మీద నీళ్లు పోయడం మొదలుపెట్టాడు.

నాతో మాటలు మానేస్తాడనుకున్నాను. మానలేదు. ఇంకో బ్యాటరీకి గుంటూరు పోయినప్పుడూ నన్నే పిలిచాడు. ఈసారి దాని మీది ప్రతి గుర్తునూ దుకాణందారును అడిగి తెలుసుకున్నాను. పట్టీ మీద ఉన్నది అప్పుడు నడుస్తున్న నెలే. అయినా మూడుసార్లు చూశాను. చిన్నాయన పక్కన నిలబడ్డాడు గానీ ఏమీ అడగలేదు.

రంజాను పండగకు ఆయన భార్య ఎప్పటిలాగే మా ఇంటికి సేమ్యా పాయసం పంపింది. నా సంగతి ఆయన ఆమెకు చెప్పాడో లేదో నాకు ఈనాటికీ తెలియదు. మరునాడు గిన్నె ఇవ్వడానికి పోయాను. ఆమె గిన్నె అందుకుని, లోపలికి రమ్మని, కూర్చోమని పీట వేసింది. పని ఉందని చెప్పి ఆమె ముఖం చూడకుండానే తిరిగొచ్చాను. ఆ తర్వాత ప్రతి పండగకూ అంతే.