పాపచెయ్యి ముద్ర

నిన్న మధ్యాహ్నం ఒకాయన సబ్బుల పెట్టె పట్టుకొని మా ఇంటికి వచ్చాడు. పాలమూరు స్టేషన్ వెనక జాగా కిరాయికి తీసుకొని సబ్బులు చేయిస్తున్నాడట. మా ఆయన ఆఫీసుకు వస్తూ పోతూ ఉండే మనిషే. పెట్టె గడప లోపల పెట్టి, "అమ్మా, మీరు పేర్లు మంచిగ పెడ్తరట. నకిరేకల్ అంగడిల పాపచెయ్యి చీరె పేరు మీదేనంట గదా. మా సబ్బుకు గూడ ఒకటి చెప్పున్రి" అన్నాడు. ఆలోచించి చెప్తానని పంపించాను.

పాప పక్కనే నిలబడి విన్నది. దానికిప్పుడు ఆరేళ్లు.

"పాపచెయ్యి అంటే ఎవరి చెయ్యి అమ్మా?" అని అడిగింది.

"నీదే" అన్నాను.

అక్కడి నుంచి ఒకదాని వెనుక ఒకటి ప్రశ్నలు మొదలైనాయి. ఆఖరి ప్రశ్నకు ఈ సాయంత్రం జవాబు చెప్పాను, సగమే. ఆరేళ్ల పిల్లకు చెప్పలేని మిగతా సగం, అది నిద్రపోయాక ఇక్కడ రాస్తున్నాను.

మా నాయిన మగ్గం వదిలి ఆఫీసులో చేరిన మనిషి. నన్ను హైదరాబాదులో కాలేజీకి పంపాడు కానీ, సంబంధం మాత్రం నేత ఇంటిదే చూశాడు. నకిరేకల్‌కు రెండు కోసుల దూరంలో, నాలుగు మగ్గాల ఇల్లు. మామ నేసిన చీరలకు అంగడిలో ఒక గుర్తు ఉండేది. చీర కొంగు మూలన తాళంచెవి బొమ్మ చెక్కముద్రతో నీలిరంగులో గుద్దేవాళ్లు. తాళంచెవి చీరె అంటే రంగు దిగదని, అంచు చీలదని చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ నమ్మకం.

మామ చనిపోయిన పన్నెండో నాడు అన్నదమ్ములు వేరుపడ్డారు. తలా రెండు మగ్గాలు పంచుకున్నారు. గిన్నెలు, చెంబులు పంచుకున్నారు. ముద్ర ఒకటే ఉంది. మా ఆయన దాన్ని పట్టుకొని, "బాపుకు ఆఖరుదాకా నేసి పెట్టింది నేను" అన్నాడు. పెద్దవాడు, మా బావ, చేతిలో ఉన్న ఇత్తడి చెంబుతో తమ్ముని మూతి మీద కొట్టాడు. రెండు పళ్లు ఊడి ముందున్న విస్తట్లో పడ్డాయి. అన్నం ఎర్రగా తడిసింది. బంతిలో కూర్చున్న చుట్టాలు చేతులు కడుక్కోకుండానే లేచారు. కులపెద్దలు ముద్ర పెద్దవానికే చెందుతుందని తేల్చి వెళ్లిపోయారు. వాకిలి మధ్యన గోడ మొదలైంది కానీ, మోకాలెత్తు లేచాక రాళ్లు అయిపోయాయి. గోడ అట్లనే ఆగిపోయింది.

అప్పుడు పాపకు తొమ్మిది నెలలు. ఎనిమిదో నెలలోనే పుట్టిన పిల్ల. బతుకుతుందో లేదోనని నాకు ప్రతి రోజూ భయమే. నెలకొకసారి దాని కుడిచెయ్యి నోటుబుక్కులో పరిచి చుట్టూ పెన్సిలుతో గీత గీసేదాన్ని. గీత పోయిన నెలకంటే బియ్యపు గింజంత పెరిగినా ఆ రాత్రి నిద్ర పట్టేది.

కొత్త ముద్రకు పేరు చెప్పమని మా ఆయన నన్నే అడిగాడు. "చదువుకున్నవు గదా, మంచిది ఒకటి తియ్యి." నేను అదే నోటుబుక్కులో రాసుకుంటూ కూర్చున్నాను. స్వర్ణరేఖ, సౌదామిని, నీలవేణి. రెండు పుటలు నింపాను. చదివి వినిపిస్తే అత్త నూలు కండెలు చుడుతూ చుడుతూ ఆగింది.

"గా రెండో పేరు అంబలి నోట్లె పోసుకొని చెప్పు" అంది.

"ఎందుకత్తా?"

"చెప్పు బిడ్డా, జర చూద్దాం."

నిజంగానే గిన్నెలో అంబలి తెచ్చి ఇచ్చింది. నోట్లో పోసుకొని సౌదామిని అనబోతే సగం నా ఒడిలో పడింది. మా ఆయన వాచిన మూతితోనే నవ్వాడు.

"గిప్పుడు తాళంచెవి అను" అంది అత్త. అన్నాను. ఒకటి రెండు చుక్కలే జారాయి. "చూసినవా? మన చీరె కొనేటి గొల్లామె సంకల గొర్రెపిల్లను వెట్టుకొని, నోట్లె ఆకువక్క వేసుకొని, అంగడి లొల్లిల నిలవడి అడుగుతది. సదువు రాదు. బొమ్మ మూడు బారల దూరం నుంచి కనవడాలె. పేరు ఒక్కపారి ఇంటె ఇంటికాడ నలుగురికి చెప్పేటట్టుండాలె. నీ పేర్లు సదువుకునేటోళ్లకు మంచిగుంటయి, మా నోట్లె పట్టయి."

నోటుబుక్కులో ఆమెకు ఒక్క అక్షరం తెలియదు. ఊరికే పుటలు తిప్పింది. చెయ్యి గీసిన పుట దగ్గర వేలు ఆగింది.

"గిదేంది?"

"పాప చెయ్యి."

"అంబలి తాగి అను."

అన్నాను. ఒక్క చుక్క కారలేదు.

పిల్ల చెయ్యి అంగట్లో పెడితే దిష్టి తగులుతుందన్నాను. "గట్లయితే అరచేతుల ఒక చుక్క వెట్టిద్దాం" అంది అత్త. చెక్కపని చేసే వడ్లాయన నా గీత ప్రకారమే చెక్కాడు. అయిదు బుడ్డ వేళ్లు, మధ్యన దిష్టిచుక్క.

పేరు పట్టుకుంది. మూడో వారం అంగడికే, మేము గంపలు దింపకముందే ఆడవాళ్లు అడగడం మొదలుపెట్టారు. "ఓ అవ్వా, గా పాపచెయ్యి తియ్యి." "అసలుదేనా, చుక్క ఉన్నదా?" ఎవరు మొదలు పెట్టారో, ఆ చీర కడితే కడుపు పండుతుందని కూడా మాట పుట్టింది. పెళ్లయి ఏళ్లు గడిచినవాళ్లు వెతుక్కుంటూ వచ్చారు. నాకు లోపల గర్వంగానే ఉండేది. నేను చదివిన చదువు ఎందుకైనా పనికొచ్చిందనుకున్నాను.

పేరును అంబలితో పరీక్షించాం కానీ, గోడకు అవతల ఉన్న మనిషి చెవితో పరీక్షించలేదు. బావకు పిల్లలు లేరు. పన్నెండేళ్ల కాపురం. మా యారాలు, అంటే బావ భార్య, పాపను నాకంటే ఎక్కువ ఎత్తుకునేది. ఇంత తెలిసీ, ఆ పేరు వాళ్లకు గుచ్చుకుంటుందని మా ఇంట్లో ఒక్కరికీ తట్టలేదు. మాకు తట్టనిది అంగడిలో ఒక మేకల బేరగానికి తట్టింది. బావ చీరల ముందు నిలబడి, నలుగురూ వినేటట్టు అన్నాడు: "తాళంచెవి ఉన్నోనికి పెట్టె తెరుసుకోకపాయె. చెయ్యి ఉన్నోనికేమో పిల్ల ఉండె."

అంతా నవ్వారు. బావ బట్ట కొలిచే ఇనుప గజం తీసుకొని లేచాడు. బేరగాన్ని కొట్టలేదు. నేరుగా మా దగ్గరకు వచ్చి మా ఆయన భుజం మీద, నెత్తి మీద, అడ్డం పెట్టిన మోచేతి మీద కొట్టాడు. నెత్తి చీలి చీరల మీద నెత్తురు చిమ్మింది. ఆపబోయిన అత్తను తోస్తే గంపల మీద పడింది. చీరలను కాలితో తన్ని, ఒకదాన్ని తీసి ముద్ర ఉన్న మూలను పళ్లతో చింపాడు. నేను పాపను రొమ్ముకు అదుముకొని నిలబడిపోయాను. నా వైపు తిరిగి నెమ్మదిగా అన్నాడు:

"ఏ చెయ్యి చూపిచ్చి బతుకుతున్నరో గా చెయ్యి ఉంచ."

ఆ రోజు నుంచి నాకు వేరే ఆలోచన లేదు. పాప కుడిచెయ్యిని నా కొంగుతో చుట్టి నడుముకు కట్టుకొని తిరిగేదాన్ని. స్నానం చేయించేటప్పుడు వేళ్లు లెక్కపెట్టేదాన్ని. ముద్ర మార్చేద్దామని మా ఆయనతో ఎన్నోసార్లు అన్నాను. "నెత్తి పగిలింది నాది. పేరు నేను మార్చ" అన్నాడు. వారం తిరగకముందే మా మగ్గం మీద పడుగు దారాలు అడ్డంగా కోసి ఉన్నాయి. ఏ నేతగాడైనా పగవాని మగ్గం జోలికి పోడు. అది తల్లి పేగు కోసినట్టని అంటారు. మా ఆయన కొడవలి తీసుకొని గోడ దాటబోతే, అత్త ఆ మోకాలెత్తు రాళ్ల మీద కూర్చుంది. "నన్ను కోసి పో" అంది. మా ఆయన కొడవలితో మా తలుపునే నరికాడు. ఆ ఊళ్లో ఇంటి తలుపుకు ఆ గాట్లు ఇప్పటికీ ఉన్నాయి.

పాపకు నడక వచ్చింది. అదే నా ప్రాణానికి వచ్చింది. ఒక పొద్దున నేను పొయ్యి మీద గంజి దించుతున్నాను. కట్టిన కొంగు ముడి ఎప్పుడు జారిందో తెలియలేదు. చూస్తే పాప లేదు. గోడకు ఒకచోట రాయి ఊడి సందు పడింది. దాంట్లోంచి పాకి పెద్దమ్మ దగ్గరికి వెళ్లింది. నేను వాకిట్లోకి వచ్చేసరికి బావ మగ్గం గుంటలోంచి లేచి దాని మణికట్టు పట్టుకున్నాడు. దాని చెయ్యిని రోటి అంచు మీద పెట్టాడు. ఇనుప గజం పైకి లేచింది. పాప నవ్వుతోంది. పెద్దబాపు ఆడిస్తున్నాడనుకుంది.

నేను అరిచానో లేదో గుర్తు లేదు. యారాలు ఎక్కడి నుంచి వచ్చిందో, పాప చెయ్యి మీద తన చెయ్యి వేసింది. దెబ్బ పడింది. చెక్క విరిగినట్టు చప్పుడు. మణికట్టు కింద ఎముక తోలు చీల్చుకొని బయటికి వచ్చింది. ఆమె అరవలేదు. పాపను మోకాలితో నా వైపు తోసి, "తీస్కపో చెల్లె" అంది. బావ మళ్లీ కొట్టాడు. ఈసారి ఆమె వీపు మీద. గజం వంగిపోయాక ఆపాడు.

బండిలో దవాఖానకు తీసుకుపోతుంటే అత్త నా చెయ్యి పట్టుకుంది. "అక్కడ అడుగుతరు. ఆడు జైలుకు పోతడు. నువ్వు చదువుకున్నవు, ఏదన్న ఒక మాట తియ్యి." నేను అత్త కోసం ఆలోచించలేదు. జైలుకు పోయినవాడు ఒకనాడు తిరిగి వస్తాడు, వస్తే ఎవరి చెయ్యి కోసం వస్తాడో నాకు తెలుసు. కంపౌండరు కాగితం తీసి, ఏమైందని అడిగాడు. అందరూ నన్నే చూశారు.

"దూలం మీద పడ్డది" అన్నాను.

మూడు మాటలు. ఎవరి నోట్లోనైనా పడుతుంది, అంబలి కారదు. సాయంత్రానికి ఊరంతా అదే చెప్పుకుంది. నేను పెట్టిన పేర్లలో ఇంత తొందరగా పాకింది ఇంకొకటి లేదు.

యారాలు తొమ్మిది రోజులు బతికింది. గాయంలో వాకిలి మట్టి చేరి ధనుర్వాతం కమ్మింది. మొదటి రోజుల్లో నేను పోయినప్పుడల్లా ఒకటే అడిగేది: "పాప చెయ్యికి తాకలే గదా?" తాకలేదని చెప్పేదాన్ని. తర్వాత దవడలు బిగుసుకుపోయాయి. అప్పుడు కళ్లతో అడిగేది. నేను తల ఊపేదాన్ని.

కొత్త చీరను ఎవరైనా గంజి పోయేదాకా ఉతికే కడతారు. రెండు ఉతుకులకు ముద్ర కూడా పోతుంది. శవానికి మాత్రం ఉతకకుండా కప్పుతారు. అత్త ఏడుస్తూ ఏడుస్తూ మా గంపలో చేతికందిన పై చీర తీసి కప్పింది. కొంగు మూల ఆమె రొమ్ము మీదకు వచ్చింది. నీలిరంగులో అయిదు వేళ్లు, మధ్యన చుక్క. నా బిడ్డ చెయ్యి. అప్పుడు బావ వచ్చాడు. మా ఆయన పక్కనున్న పార అందుకున్నాడు. నేను పాపను వెనక్కి లాక్కున్నాను. బావ వంగి, ఆ మూలను లోపలికి మడిచి, చీర సరిచేసి, పక్కకు వెళ్లి కూర్చున్నాడు. నెల తర్వాత షోలాపూరు మిల్లుకు పోయాడు. మళ్లీ రాలేదు.

ఆ ముద్రను నేనే పొయ్యిలో పెట్టాను. మా ఆయన అడ్డుకొని నన్ను కొట్టాడు. నేను వెనక్కి తియ్యలేదు. అది మండేదాకా అక్కడే నిలబడ్డాను. తర్వాత మా ఆయన మగ్గం వదిలి ఆఫీసు పనిలో చేరాడు, మేము ఈ ఊరికి వచ్చేశాం. పాప చెయ్యి గీయడం కూడా మానేశాను.

నిన్న పాప నన్ను వదిలి వాళ్ల అవ్వ, అంటే మా అత్త దగ్గరికి పోయి అడిగింది. అవ్వ అంతా చెప్పింది, అంబలి సంగతి, గొల్లామెల సంగతి. చివరికి, "మీ పెద్దమ్మ నిన్ను సంక దించకపోతుండె. పాపం, దూలం మీద పడి సచ్చిపాయె" అంది. ఆమె అబద్ధం చెప్తున్నట్టు లేదు. అయిదేళ్లుగా అందరికీ అదే చెప్పి చెప్పి, ఆమె కళ్ల ముందు ఇప్పుడు దూలమే పడుతుందనుకుంటాను.

పాప తల ఎత్తి మా ఇంటి దూలాన్ని చూసింది. రాత్రి దాని కింద పడుకోనంది. ఈ రోజు అన్నం కూడా వాకిట్లోనే తిన్నది. సాయంత్రం వర్షం పడుతుంటే లోపలికి రమ్మన్నాను. గడప దాటలేదు. తడుస్తూ నిలబడి అడిగింది.

"గీ దూలం గూడ పడతదా?"

"పడదు బిడ్డా."

"మరి పెద్దమ్మ మీద ఎందుకు పడ్డది?"

అత్త లోపలి నుంచి నన్నే చూస్తోంది. నేను గడప మీద కూర్చొని పాప చెయ్యి పట్టుకున్నాను.

"ఏ దూలమూ పడలేదు. దూలమని నేనే చెప్పిన. మీ పెద్దబాపు కొట్టిండు. నిన్ను కొట్టబోతే పెద్దమ్మ అడ్డమొచ్చింది."

పాప నా చేతిలోంచి తన కుడిచెయ్యి తీసుకొని, వీపు వెనుక దాచుకొని, లోపలికి వచ్చింది. దూలం కిందే పడుకుంది. చెయ్యి ఇంకా ఒంటి కిందే ఉంది.

సబ్బులాయన రేపు వస్తాడు. పెట్టె గడప పక్కనే ఉంది. పేరు చెప్పకుండా అట్లనే తిరిగి ఇచ్చేస్తాను.