ఫ్యాను పుల్లీ వెనక రింగు

సీలు చింపని డబ్బాలో ఇచ్చినా నేను స్పేరు పార్టును నమ్మను. తిప్పి చూస్తాను, గోటితో గీకి చూస్తాను. మా అన్నకు నా ఈ గుణం అస్సలు గిట్టదు.

బాపు కొన్న, ఇంజను మూతిలా ముందుకు పొడుచుకొచ్చిన పాత లారీ ఇంజను చచ్చిపోయి, కొత్తరకం లారీ ఇంజను వేయించాల్సి వచ్చింది. బోధన్‌లో ఆ బండి లోగుట్టు తెలిసిన మిస్త్రీ ఒక్కడే మిగిలాడు. మేం చాచా అంటాం. ఎడపల్లి రైతులకు అన్న మాట ఇచ్చేశాడు. చెరుకు కోతలు మొదలయ్యేలోగా బండి రోడ్డెక్కాలి. బోధన్ షుగర్ ఫ్యాక్టరీ మూతపడ్డాక చెరుకు దూరపు ఫ్యాక్టరీలకు పోతుంది కాబట్టి దారిలో వేడెక్కకూడదు.

ఇంజను కూర్చుంది. తంటా అంతా దాని ముందు భాగంతోనే. ఫ్యాను, వాటర్ పంపు, డైనమో, వాటన్నిటినీ తిప్పే బెల్టు, ఆ బెల్టు తిరిగే పుల్లీలు. నేను నిజామాబాద్ పోయి కొత్త సెట్టు మొత్తం తెచ్చాను. చాచా దాన్ని ఇంజను ముందు పట్టి చూసి పక్కన పెట్టేశాడు.

"గిది పొడుగైతది తమ్మీ. ఫ్యాను రేడియేటర్‌కు తాకుతది."

తుక్కు దుకాణాలన్నీ తిరిగి ఒక లారీ పంపు, ఇంకోదాని డైనమో, మరోదాని పుల్లీ ఏరుకొచ్చాడు. కొత్త సామాను మూలకు, పాత ఇనుము బండికి! నా చెవిలో పువ్వు పెడుతున్నాడని అప్పుడే అనుకున్నాను. పైగా ఆ పుల్లీకి తాజాగా నల్లరంగు పూసి ఉంది. పగులు కప్పెట్టడానికి కాకపోతే పుల్లీకి రంగెందుకు?

అన్నీ బిగించాక చాచా తెల్లదారం కొస ఒకటి నాకిచ్చి, కింది పుల్లీ అంచు నుంచి పైనున్న ఫ్యాను పుల్లీ అంచుకు లాగి పట్టాడు. దారం రెండు అంచులనూ తాకితే బెల్టు తిన్నగా నడుస్తుందట. తాకింది. ఆయన తృప్తిగా తలూపాడు. నాకు అదంతా నాటకంలాగే కనిపించింది.

శుక్రవారం ఆయన నమాజుకు పోగానే బెల్టు వదులు చేసి, నాలుగు బోల్టులు విప్పి ఫ్యాను పుల్లీ బయటికి తీశాను. పగులు లేదు. కానీ వెనక లేతు మీద కోయించిన ఇనుప రింగు ఉంది. దొరికాడు! సరిపోని పుల్లీకి అతుకేసి నడిపిస్తున్నాడన్నమాట. నిజామాబాద్ దుకాణంలో చూపించి, వచ్చి నిలదీయాలని రింగును జేబులో వేసుకున్నాను. మిగతావన్నీ ఎప్పటిలాగే బిగించేశాను.

మర్నాడు, నేను నిజామాబాద్ పోకముందే, ముగ్గురం ట్రయలుకు ఎడపల్లి వైపు బయలుదేరాం. సగం దారిలో బెల్టు కీచుమంది, వంకర తిరిగింది, తెగి నీళ్ల పైపును కొట్టింది. వేడి చూపే సూది ఎర్రగీత దాటింది. అన్న బండి ఆపాడు. చాచా ఇంజను మూత ఎత్తగానే పగిలిన పైపులోంచి ఉడుకునీళ్లు ఆయన ముంజేతి మీద చిమ్మాయి.

ఆయన చెయ్యి ఊదుకుంటుంటే నేను రోడ్డు మీద అరుస్తున్నాను. దారిన పోయేవాళ్లు ఆగి చూస్తున్నారు.

"తుక్కు పెట్టి మోసం జేసినవ్ చాచా! నాకు ముందే ఎర్క!"

చాచా పుల్లీ వెనక వేలు పెట్టి తడిమి చూశాడు.

"పుల్లీ లైనుకు రావాలని ఈడ రింగు పెట్టిన గదా. దారం పట్టినప్పుడు ఉండె. ఏడ పోయింది?"

రింగు జేబులోంచి తీసి ఇచ్చాను. అన్న నా మొహం కూడా చూడలేదు. తల కొట్టేసినట్టయింది.

చాచా కాలిన చేత్తోనే రింగు పెట్టాడు. అన్న ఎవరిదో మోటారు సైకిలు మీద పోయి బెల్టు, పైపు తెస్తే చాచా అవీ వేసి, ఎడపల్లి దాకా తానే నడిపి తెచ్చాడు. ఈసారి సూది కదల్లేదు. తాళంచెవి అన్న చేతిలో పెట్టాడు.

"ఇగ వేరే మిస్త్రీని సూస్కోండ్రి. అనుమానం ఉంటే నా ముంగట అడగాలె. నేను నమాజుకు పోయినంక కాదు."

బండి కోతలకు అందింది. దాన్ని ఇప్పుడు ఏ మిస్త్రీ ముట్టినా నేను పక్కనే కాపలా నిలబడతాను, అందరూ దొంగల్లాగే కనిపిస్తారు. క్షమించమని చాచా షెడ్డుకు మూడుసార్లు పోయాను. పోయిన ప్రతిసారీ స్టూలు జరిపి కూర్చోమంటాడు.

"చాయ్ తాగు తమ్మీ. బండి మాత్రం తేకు."