వాచీ గీసిన దారి

షుగరు వచ్చినప్పటి నుంచి మా ఆయన రోజూ సాయంత్రం మూతబడిన గని పక్క రోడ్డు మీద నడిచేవాడు. చేతికి అడుగులు లెక్కపెట్టే వాచీ. ఏ దారిన పోయినాడో అది ఫోన్‌లో గీత గీసి చూపిస్తుంది.

పోయినేడు ఆ రోడ్డు పక్క పాత షెడ్డులో రాగి తీగలు పోయినాయి. దొంగతనం సాయంత్రం పూటే జరిగిందని, రోజూ అటు నడిచేవాళ్లందరినీ పోలీసులు పిలిపించినారు. దాచేదేముందని మా ఆయన ఫోన్ తీసి చేతికిచ్చినాడు. ఆ రోజు గీత రోడ్డు వదిలి, గోడ దాటి, షెడ్డులోకి పోయి వచ్చింది. ఎస్సై దాన్ని ఫోటో తీసుకొని, ఊరు వదిలి పోవద్దని చెప్పి పంపినాడు.

తాను రోడ్డు దిగనే లేదని ఆయన నాతో చెప్పినాడు. తల ఊపినాను గానీ నమ్మలేదు. మనిషికైతే అబద్ధంతో పని ఉంటుంది, వాచీకి ఏం పని? ఆయన స్నానానికి పోతే చొక్కా జేబులు వెతికినాను. బూట్లు తిరగేసి మట్టి చూసినాను. ఆ రోజు ఆలస్యంగా వచ్చినాడా అని తలచుకుంటే, ప్రతిరోజూ ఆలస్యంగానే వచ్చినట్టు తోచింది.

నాలుగు రోజులకు ఇంగ ఉండబట్టలేక, మధ్యాహ్నం ఆయన కునుకు తీస్తుంటే వాచీ నేను కట్టుకొని, ఫోన్ తీసుకొని ఆ రోడ్డున పోయినాను. తారు రోడ్డు దిగలేదు. ఇంటికొచ్చి చూస్తే నా గీత కూడా గోడ దాటి ఉండాది. మర్నాడు మళ్లీ పోతే, ఈసారి గీత అవతల గని మట్టి పోసిన సైనైడ్ దిబ్బ ఎక్కింది.

రెండూ స్టేషన్లో చూపించినాను.

"అయితే నువ్వూ షెడ్డులోకి పోయినావా అమ్మా?" అన్నాడు ఎస్సై. నవ్వలేదు.

"మీరే కట్టుకొని నడిచి చూడండి సార్."

ఒక కానిస్టేబుల్‌ను నడిపించినాడు. అతని గీతా పక్కకు పోయింది. ఆ తర్వాత మా ఆయన్ను మళ్లీ పిలవలేదు. తీగలు ఎవరు తీసుకుపోయినారో ఇప్పటికీ తేలలేదు.

కానిస్టేబుల్ నడిచిన రోజు సాయంత్రమే ఆయనకు అంతా చెప్పినాను, జేబులు వెతికిందీ దాచలేదు.

"నువ్వు నడిచింది నన్ను విడిపించడానికా, నీ అనుమానం తీర్చుకోడానికా?" అని అడిగినాడు.

"అనుమానం తీర్చుకోడానికే."

వారం రోజులు అవసరానికి తప్ప నాతో మాట్లాడలేదు. తర్వాత ఒకరోజు గడపలో నిలబడి, నడవడానికి వస్తావా అన్నాడు. అప్పటి నుంచి ఇద్దరమూ పోతున్నాం. ఎదురొచ్చేవాళ్లలో కొందరు ఇంకా ఆయన్ను ఎగాదిగా చూస్తారు.