మోషే కొట్టిన మందు

ఆలూరులో చలిజ్వరం రాని ఇల్లు ఉండేది కాదు. కూలికి పోయే మోషేకి 1969లో ఇళ్ల గోడలకు డీడీటీ కొట్టే పని దొరికింది. కంటికి ఆననంత సన్నని ఆ పొడి నీళ్లలో కలిపి కొడితే నెలల తరబడి గోడను అంటిపెట్టుకుంటుందనీ, వాలిన దోమ చస్తుందనీ సూపర్‌వైజరు ముకుందం చెప్పాడు.

"మనుషులకు గాని జీవాలకు గాని ఏం గాదు. ధైర్యంగ చెప్పు మోషే" అన్నాడు.

మోషే అదే మాట గడపగడపకూ చెప్పాడు. పక్కింటి సుక్కమ్మ తలుపు వేసుకుంటే బతిమాలాడు.

"నా మీద నమ్మకం లేదా అవ్వ?"

"మందు సంగతి నాకేం ఎరుక బిడ్డా. నిన్ను నమ్మి తీస్తున్న."

ఆ వానకాలం జ్వరాలు నిజంగానే తగ్గాయి. కానీ ఊళ్లో పిల్లులు వణికి వణికి చచ్చాయి. సుక్కమ్మ పిల్లి ఆమె ఒళ్లోనే పోయింది. ఇక ఎలుకలు చెలరేగి, ఆమె విత్తనానికి దాచిన జొన్నలు తినేశాయి.

"ఏం గాదంటివి గద" అన్నది సుక్కమ్మ.

ముకుందాన్నే అడుగుదామని మోషే చేవెళ్లకు బయల్దేరాడు. ప్రత్యేక తెలంగాణ కోసం బంద్ నడుస్తోంది, బస్సుల్లేవు. నడిచే వెళ్లాడు. ముకుందం ఇంటి నీలం గోడల మీద మందు చార ఒక్కటీ లేదు. మంచం కింద పిల్లి తన కూనలకు పాలిస్తోంది.

"మీ ఇంట్ల కొట్టలేదా సారు?"

"చిన్నపిల్లలున్నరు. ఇంట్లోళ్లు వద్దన్నరు."

"మా ఇండ్లల్ల పిల్లలు లేరా?"

ముకుందం చూపు తిప్పుకున్నాడు. "పిల్లులకు పడదని నాకు ముందే ఎరుక. చెప్తే ఎవరు తలుపు తీస్తరు? జ్వరాలైతే తగ్గినయి గద."

ఆ మాట నిజమే కావడం మోషేని ఇంకా బాధపెట్టింది. ఊరు మోషేని నమ్ముతుందని తెలిసే ముకుందం ఆ అబద్ధాన్ని అతని నోటితో చెప్పించాడు.

మరుసటి విడతలో మోషే ఉన్నదున్నట్టు చెప్పాడు. "జ్వరం ఆపుతది. పిల్లులకు, కోళ్లకు ముప్పు. వాటిని బయట పెట్టుండ్రి, గింజలు, నీళ్లు కప్పుండ్రి." కొందరు కొట్టించుకున్నారు. చాలామంది వద్దన్నారు, సుక్కమ్మ కూడా. మందు కొట్టిన ఇళ్లు తగ్గాయని ముకుందం అతన్ని పనిలోంచి తీసేశాడు.

ఆ ఏడే సుక్కమ్మకు చలిజ్వరం తిరగబెట్టింది. మోషే బండి కట్టి ఆమెను చేవెళ్ల దవాఖానకు తీసుకుపోయాడు. తర్వాత కోలుకుంది. పొయ్యికి నిప్పు కావలసి వస్తే మాత్రం పక్కనే ఉన్న మోషే ఇంటి ముందు ఆగకుండా అవతలింటికే పోయేది.