సముద్రం కనిపించే గది

పోర్చుగల్ తీరాన నజరే ఊళ్లో లిస్బన్ బస్సు ఆగేసరికి ఎర్మెలిండా ఆ ఊరి ఆడవాళ్ల పద్ధతిలో ఒకదానిమీద ఒకటి ఏడు లంగాలు కట్టుకుని, ‘గదులు అద్దెకు’ అన్న అట్టముక్క గుండెకు ఆనించుకుని నిలబడి ఉంటుంది. ముప్ఫై ఏళ్లుగా అదే చోటు. అరవదు, ఎవరి పెట్టెనూ లాక్కోదు. పక్కింటి జసింటా అలా కాదు. బస్సు మెట్టు దగ్గరే యాత్రికుల్ని పట్టుకుని, "దాని పరుపుల నిండా నల్లులమ్మా! నా గది కిటికీ తీస్తే సముద్రమే!" అంటుంది. వేసవంతా తన గదులు ఎందుకు ఖాళీగా ఉన్నాయో ఆ మాట చెవిన పడ్డ రోజు ఎర్మెలిండాకు తెలిసింది. పళ్లు బిగబట్టి నవ్వింది, అంతే.

మర్నాడు తన చేపలు ఎండబెట్టే వల చట్రాలన్నీ మోసుకొచ్చి సరిగ్గా జసింటా కిటికీ కింద వేసింది. పొట్ట చీల్చిన చేపల్ని ఒక్కొక్కటే, పక్క దుప్పటి సర్దినంత శ్రద్ధగా పరిచింది.

"ఇక్కడెందుకు తగలేశావే?" కిటికీలోంచి అరిచింది జసింటా.

"ఎండ ఇక్కడే ఉంది వదినా. దాన్ని అవతలికి జరుపు, నేనూ జరుగుతా."

మూడోనాటికి జసింటా ఇంట్లో దిగిన భార్యాభర్తలు ముక్కులు మూసుకుని, పెట్టెలతో ఎర్మెలిండా గుమ్మంలోకి వచ్చారు. ఉతికిన దుప్పట్లు పరిచి ఇచ్చింది.

"ఈ ఊళ్లో ముందు ఏం చూడాలమ్మా?" అని అడిగారు వాళ్లు.

"చేపలు ఎండబెట్టడం చూడాలి," అంది ఎర్మెలిండా లంగాలు సర్దుకుంటూ. "పదండి, ఆ కిటికీ కింద నిలబెట్టి ఫోటో కూడా నేనే తీస్తా."