ముప్పై ఒక్క వేలిముద్రల రేకు

మన కొట్టు బోర్డు తుప్పు పట్టి విరిగిపోలేదు. స్వాతీ, ముందు ఆ మాట రాయి, ప్రయాణం సంగతి తర్వాత చెప్తాను.

వాగు పొంగితే సంతకు దారి ఉండదని ముప్పై ఒక్క మంది ఆడవాళ్ళం ఇంటికో కుంచం కందులు పోసి పెట్టుకున్న కొట్టు మనది. బోర్డు రేకు మీద ఎవరి పేరు పక్కన వాళ్ళం బొటనవేలు రంగులో ముంచి అద్దాం. తాళం నాకిచ్చారు. షూటింగ్‌కి వచ్చిన సినిమా వాళ్ళు ఆ పాత రేకు ఇస్తే కొత్త ఫ్లెక్సీ కట్టిస్తామన్నారు, నన్నూ ఒక సీనులో కూర్చోబెడతామన్నారు. ఎవర్నీ అడక్కుండా ఇచ్చేశాను. మీకు మాత్రం విరిగిందని చెప్పాను. మొన్న పుల్లమ్మ పోయాక కూతురు కనకం వచ్చింది. "అమ్మ ఫొటో ఒక్కటీ లేదు పెద్దమ్మా. ఆ రేకు ముక్కైనా ఉంటే వేలిముద్ర చూసుకుంటాను" అంది. దానికీ అదే అబద్ధం చెప్పాను. అందుకే ఆ రేకు వెనక్కి తెద్దామని బయల్దేరాను.

గురువారం పొద్దున ఐదున్నరకి నేనూ మనవరాలు స్వాతీ ఆటో ఎక్కాం. ఏడింటికి కొత్తగూడెంలో హైదరాబాద్ ఎక్స్‌ప్రెస్ దొరికింది. ఆడవాళ్ళకి టికెట్ డబ్బుల్లేవు కానీ ఆధార్ మరిచిపోకండి. సూర్యాపేటలో ఆగినప్పుడు కట్టుకెళ్ళిన పులిహోర తిన్నాం. ఒకటిన్నరకి హైదరాబాద్‌లో దిగి, మెట్రోలో అమీర్‌పేట దగ్గర మారి జూబ్లీహిల్స్ చెక్‌పోస్టుకి వెళ్ళాం. అక్కడినుంచి ఫిల్మ్‌నగర్‌కి ఆటో. నూట యాభై అడిగాడు, స్వాతి బేరమాడి వందకి ఒప్పించింది.

ఆ సినిమా వాళ్ళ ఆఫీసు గేటు దగ్గర వాచ్‌మన్ లోపలికి పోనివ్వలేదు. "సైన్మా అయిపోయిందమ్మా. సామాన్లన్నీ కృష్ణానగర్ గోడౌన్ల పడ్తయి" అని దారి చెప్పాడు. ఆ సినిమాలో నేను కూర్చున్న సీను ఉందా అని నోటిదాకా వచ్చింది. స్వాతి నావైపు చూసింది. అడక్కుండా వెనక్కి తిరిగాను.

కృష్ణానగర్ సందుల్లో వెతికి వెతికి నాలుగున్నరకి గోడౌన్ చేరాం. నవారు మంచాలు, పాత రేడియోలు, పోలీస్ స్టేషన్ బోర్డులు, ఒక కోర్టు బోను, అన్నీ సినిమాలకి కిరాయికిచ్చేవే. అక్కడ చూసుకునే యాదగిరి వెతికి మన రేకు బయటికి తీశాడు. పేర్లు లేవు, వేళ్ళు లేవు. అంతటా పచ్చరంగు పూసి, పెద్ద అక్షరాలతో "రంగయ్య కిరాణా" అని రాసి ఉంది. సినిమాలో విలన్ కొట్టట.

"మా కాడ చెంచా బయటికి పోవాలన్నా సంతకం గావాలె. మీ ఊర్ల గింత పెద్ద రేకు ఎవలిచ్చిండ్రు?" అన్నాడు.

"నేనే."

"అందర్నడిగే ఇచ్చినవా?"

ఎదురుగా ఆ కోర్టు బోనే ఉంది. తల తిప్పుకున్నాను.

యాదగిరి పక్కనున్న పెయింటర్‌ని పిలిచి, ఒక మూల టర్పెంటైన్ గుడ్డతో రుద్దించాడు. పైన ఉన్న పచ్చరంగు వచ్చింది. దానితో పాటు కింద అద్దిన రెండు వేలిముద్రలు కూడా గుడ్డకి అంటుకుపోయాయి. ఎవరివో నాకు తెలుసు, ఒకటి నాదే. రెండోది సమ్మక్కది. ఆపమన్నాను. పుల్లమ్మ వేలు మధ్య వరసలో ఉంది, రంగు కింద. రుద్దితే కనిపిస్తుందో, పోతుందో ఎవరూ చెప్పలేరు.

రేకు తీసుకుపొమ్మన్నాడు. రిజిస్టర్‌లో నా వేలిముద్ర వేయించుకున్నాడు. వెంగళరావు నగర్‌లో స్వాతి స్నేహితురాలి గదిలో పడుకుని, పొద్దున ఏడింటికి బస్సెక్కాం. ఇదంతా బస్సులోనే చెప్తున్నాను, స్వాతి ఫోన్‌లో కొడుతోంది.

రేకు కాళ్ళ దగ్గర నిలబెట్టుకున్నాను. నకిరేకల్ దాటాక పక్క సీటామె అడిగింది, మీ ఆయన కొట్టా అని. కాదమ్మా, ముప్పై ఒక్క మంది ఆడవాళ్ళదన్నాను.

"అందరిదైతే ఒక్కడి పేరే ఉందేంది?"

"నావల్ల" అన్నాను. మీకు చెప్పాల్సిన మాట ముందు ముక్కూ మొహం తెలియని మనిషికి చెప్పుకున్నాను.

హైదరాబాద్‌లో ఏ వస్తువు ఎవరిదో రాసిపెట్టుకునే గోడౌన్ ఒకటుంది. మీరు నమ్మి తాళమిచ్చిన నాకు ఆపాటి జాగ్రత్త లేకపోయింది. సాయంత్రం అందరూ కొట్టు దగ్గరికి రండి. రేకు మధ్యలో పెడతాను, తాళం చెవి దాని మీద పెడతాను. రుద్దాలో వద్దో కనకం చెప్పాలి. ఈ రాసింది స్వాతి చదువుతుంది. నేను లేచి వెళ్ళిపోను, కూర్చుని వింటాను.