నేను పట్టిన దొంగ

విరుదునగర్ బజారులో చెప్పిన ధరను సగానికి దించగల మొనగాళ్లు చాలామందే ఉన్నారు కానీ, పదేళ్ల వయసులో, ఒక్క వేలిముద్ర చూసి, పదిమంది ఎదుట, బొత్తిగా తప్పు మనిషిని దొంగగా తేల్చిన ఘనత మాత్రం నా ఒక్కడిదే. నిన్న కోవిల్‌పట్టిలో మా మనవరాలు, కనబడకుండా పోయిన నా కళ్లజోడు కోసం నేలంతా బియ్యప్పిండి చల్లి, భూతద్దం పట్టుకుని పాకుతుంటే ఆ ఘనత గుర్తొచ్చింది.

మా రోజుల్లో భూతద్దాలెక్కడివి? మాది మిరపకాయల కొట్టు. ముందు వ్యాపారం, వెనక కాపురం. దొంగను పట్టే ఆట కోసం మా మేనత్త ఏదో ఒక వస్తువు దాచేది. మేం పిల్లలం అడుగుజాడల కోసం పిండి చల్లి, కళ్లకు గంతలు కట్టుకుని వాసనతోనే ధనియాల మూట ఏదో, జీలకర్ర మూట ఏదో చెప్పి, గుమ్మానికి అడ్డంగా దారం కట్టి, దానికి చెంచాలు వేలాడదీసి, చప్పుడైతే చాలు దాటినవాణ్ణి పట్టుకునేవాళ్లం.

ఒకరోజు మేనత్త లోలాకు నిజంగానే పోయింది. అది ఉండాల్సిన కుట్టుసామాను డబ్బా మూత మీద ఎర్రటి వేలిముద్ర ఒకటి కనిపించింది. పెరట్లో కూర్చుని మిరపకాయల తొడిమలు తీసేది, విళాత్తికుళం నుంచి వచ్చి మా వీధి చివర కాపురముంటున్న ఒక అక్క. ఆమె చేతులు ఎరుపు. ఇంకేం, తేలిపోయింది. కొట్టులో సరుకు కొంటున్నవాళ్లంతా వినేలా అరిచాను.

ఆమె ఏడవలేదు. ఒడిలోని కాయలు దులుపుకుని లేచి, నా చెయ్యి తిప్పి చూసింది.

"నీ చెయ్యీ ఎర్రగానే ఉండాది గదా సామీ," అని మాత్రం అని వెళ్లిపోయింది.

మిరపకాయల కొట్టులో ఎవరి చెయ్యి ఎరుపు కాదన్న ప్రశ్న నాకు తట్టనేలేదు. సాయంత్రం మా అవ్వ నేను గుమ్మానికి కట్టిన దారం విప్పుతుంటే చెంచాల మధ్య లోలాకు వేలాడుతోంది. పొద్దున ఆ డబ్బా తెరిచి దారపుండ లాగింది నేనే. లోలాకు కొక్కెం ఆ ఉండకు తగులుకుని వచ్చేసింది.

మర్నాడు ఆ అక్క పనికి రాలేదు. అవ్వ ఆమె ఇంటికి నన్నే పంపింది. నేను ఊరికే వెళ్తానా, వేరుశనగ మిట్టాయి పొట్లంతో వెళ్లాను.

"మిట్టాయి నువ్వే తిను సామీ. ఎంత గట్టిగా దొంగ అంటివో, అంత గట్టిగానే కాదని చెప్పు. ఆ కొట్టు వాకిట్లోనే."

బేరం మొదలుపెట్టాను. ఆమె ఒక్కదానికే చెబుతానన్నాను. అవ్వ ముందు చెబుతానన్నాను. చివరికి కొట్టులోనే, కాకపోతే జనం పలచబడ్డాక అన్నాను. ఆమె పైసా దిగలేదు. మర్నాడు పొద్దున్నే, జనం కిక్కిరిసి ఉండగా, తూకం బల్లెక్కి గొంతు చించుకున్నాను.

అందుకే మనవరాలికి ఒక్క నియమం పెట్టాను: అనుమానితుల జాబితాలో మొదటి పేరు నీదే రాసుకోవాలని. బుద్ధిగా రాసుకుంది. అయితే ఆ కొట్టూ లేదు, ఆ పెరడూ లేదు. పాపం, ఇప్పుడు అనుమానించడానికైనా ఇంట్లో ముగ్గురమే.

ఇక లెక్క. నేను అరవడానికి పట్టింది ఒక్క క్షణం. ఆమె తిరిగి వచ్చింది గానీ, ఇంటికి వెళ్లేముందు ఏమీ తీసుకెళ్లడం లేదని రోజూ మా ఎదుట కొంగు దులిపి చూపించేది. అవ్వ వద్దన్నా వినలేదు. అది మానడానికి రెండేళ్లు పట్టింది. మానిన రోజు కొంగు నడుముకు బిగించి, వెళ్తూ వెళ్తూ నా నెత్తిన ఒక మొట్టికాయ వేసి వెళ్లిపోయింది. దానితో చెల్లు.